ముప్పై నిమిషాలు ఎవరూ తాకకపోతే

ఇంతవరకు ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ సెట్టింగును నేను ముందే చూశాను.

కంప్యూటరు తెర మీద రెండు వరుసలు కనిపించాయి. పది నిమిషాలు ఎవరూ తాకకపోతే తెర ఆరిపోతుందని మొదటిది. ముప్పై నిమిషాలు ఎవరూ తాకకపోతే మొత్తం కంప్యూటరే నిద్రలోకి వెళ్తుందని రెండోది. రెండో వరుస పక్కనున్న బాణం గుర్తును నొక్కి, 'ఎప్పుడూ వద్దు' అన్నదాన్ని ఎంచుకుంటే సరిపోయేది. మౌసును దాని దాకా తీసుకెళ్లాను కూడా. ఇది చేసినవాళ్లు నాకంటే తెలిసినవాళ్లు, కారణం లేకుండా పెట్టరు, నేను మార్చాక ఇంకేదైనా చెడితే జవాబు ఎవరు చెప్పాలి అనుకున్నాను. పేజీ మూసేశాను. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని. ఆ రోజు మాత్రం 'కంప్యూటరు బాగా పనిచేస్తోంది' అని ఒక్క వాక్యం రాసి మూసేశాను.

నేను పనిచేసేది కుప్పం నుంచి గుడుపల్లె వెళ్లే దారిలో ఉన్న ఒక చాకీ కేంద్రంలో. పట్టుపురుగుల గుడ్లు తెచ్చి, పిల్లపురుగులను వారం రోజులకు పైగా సాకి, రెండో జ్వరం దాటాక రైతులకు ఇస్తాం. జ్వరమంటే జబ్బు కాదు. పాత చర్మం విడిచే ముందు పురుగు మేత మానేసి, తల పైకెత్తి, ఒక పగలూ రాత్రీ కదలకుండా ఉండిపోతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు దాన్ని జ్వరానికి కూర్చోవడం అంటారు. ఆ సమయంలో పురుగును కదిలించకూడదు. గదిలో వెలుతురు పడకూడదు, గాలి కొట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. పురుగులు లేచేదాకా పగటిపూట తలుపు తీయకూడదన్నది మా దగ్గర అందరికీ తెలిసిన కట్టుబాటు.

పురుగులను సాకేది అవ్వ. నాకు చుట్టం కాదు, అక్కడ అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్లు. వెంట్రుకంత పురుగులకు మల్బరీ ఆకును సన్నగా తరగడం, ట్రేలలో సమంగా చల్లడం, అవి జ్వరానికి కూర్చునే ఘడియ కనిపెట్టి సున్నం పొడి చల్లడం, అన్నీ ఆమె చేతి మీదుగానే. రైతులు ఫోను చేసి, 'అవ్వ సేతి పురుగులేనా?' అని అడిగాకే పురుగులు కావాలని మా దగ్గర చెప్పి పెట్టుకునేవాళ్లు. ఒంటరి మనిషి. ఆ చేతికి ఉన్న పేరే ఆమె బతుకు. ఒక్క తడవ పురుగు పోయినా చేతివాసి పోయిందంటారని, ఆ మాట పడ్డవాళ్లను ఇంకే కేంద్రంలోనూ పురుగుల గదిలో అడుగుపెట్టనివ్వరని నేను చేరిన వారంలోనే ఆమె నాకు చెప్పింది. నవ్వుతూనే చెప్పింది.

నా పని ఫోన్లు ఎత్తడం, కంప్యూటరు చూసుకోవడం. ఫోను మోగితే నాకు ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి. కంప్యూటరుతో ఆ బాధ లేదు, అది నన్ను తిరిగి ప్రశ్నించదు. పురుగుల గదిలోనే ఒక మూల ఉండేది. గదిలో వేడి తగ్గితే హీటరు వేస్తుంది, సరిపోయాక ఆపుతుంది. వేసినప్పుడూ ఆపినప్పుడూ గోడ మీదున్న చిన్న పెట్టెలో టిక్కుమని చప్పుడు. కొన్నేళ్ల కిందట ఎవరో ఇంజినీరింగ్ పిల్లలు చేసిచ్చిన ఏర్పాటు అది. రాత్రిళ్లు మాత్రం ఓనరు దాన్ని నమ్మేవాడు కాదు. చీకటి పడగానే ఆపించేవాడు. రాత్రంతా అవ్వే కనిపెట్టుకుని ఉండి, హీటరు చేత్తో వేసి ఆపేది. జ్వరం రాత్రుల్లో కూడా చీకట్లో, చెప్పుల్లేకుండా, ఆమె ఒక్కతే లోపలికి వెళ్లొచ్చేది.

ఆ చలికాలం కంప్యూటరు చెడిపోయింది. ఓనరు నన్ను పిలిచి, "నువ్వు మదనపల్లెలో సదివినావు గదా పాపా, ఆడ బాగు సేసేవాళ్లు ఎవురన్నా తెలుసునా?" అని అడిగాడు. కాలేజీకి పోయే దారిలో ఒక బోర్డు చూసేదాన్ని, అంతే. లోపలికి ఏనాడూ పోలేదు. తెలుసునని తల ఊపాను. లేదని చెప్పడానికి ఇంకా రెండు మాటలు ఎక్కువ కావాలి గనక.

సీపీయూను మా అమ్మ పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు దగ్గరికొచ్చి వంగి చూశాడు. "ఏముండాదమ్మా మూటలో? బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుండావు."

"కంప్యూటరు," అన్నాను.

"ఏడవకుండా ఉండాది గదా, అయితే దానికి టికెట్టు వద్దులే."

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. నేను పుంగనూరు వచ్చేదాకా కిటికీలోంచి తల తిప్పలేదు. మా ఇల్లు పుంగనూరులోనే. ఆ రాత్రికి ఇంట్లో ఆగితే అమ్మ, "మన ఇస్త్రీపెట్టె బాగు సేయించుకోని రమ్మంటే నెల దినాలు తిప్పినావు. వాళ్ల పెట్టెనైతే మోసుకోనొచ్చినావే," అంది.

మర్నాడు మదనపల్లెలో, టమాటా లారీల మధ్య దారి చేసుకుంటూ ఆ షాపు చేరాను. సాయంత్రానికి బాగయింది. "హార్డ్ డిస్కు పోయిందమ్మా. కొత్తది ఏసి అన్నీ మళ్లీ ఎక్కించినా. మీ ప్రోగ్రాము పాతదాంట్లోనుంచి బయటికి తీసినా. సెట్టింగులన్నీ డిఫాల్టులో ఉండాయి. మీరు దేనికి వాడతారో నాకు తెలీదు, సూసుకోని మార్చుకోండి," అన్నాడు షాపతను.

ఏవి మార్చుకోవాలి అన్న ప్రశ్న గొంతు దాకా వచ్చింది. నా వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు, ఒకతను గడియారం చూసుకుంటున్నాడు. "సరే అన్నా," అని మూట కట్టుకుని వచ్చేశాను.

తర్వాత అర్థమైంది నాకు. ఆ ఇంజినీరింగ్ పిల్లలు మొదట్లోనే కంప్యూటరు నిద్రపోకుండా మార్చి పెట్టి ఉంటారు. అందుకే అన్నేళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. ఆ మార్పు ఎక్కడా రాసి లేదు, మాలో ఎవరికీ తెలియదు. పాత డిస్కుతో పాటు అదీ పోయింది.

కుప్పానికి తిరిగొచ్చి కంప్యూటరు బిగించిన రోజు పురుగులకు మేత రోజే. పావుగంటకోసారి ఎవరో ఒకరం ఏదో ఒకటి నొక్కుతూనే ఉన్నాం. అందుకే దానికి నిద్రపోయే వీలు చిక్కలేదు. ఆ సాయంత్రమే నేను ఆ రెండు వరుసలూ చూసి మూసేసింది.

మర్నాడు తెల్లవారేసరికి పురుగులు రెండో జ్వరానికి కూర్చున్నాయి. బయట మంచు దట్టంగా ఉంది. తొమ్మిదికి అవ్వ ఆఖరి ట్రేలో సున్నం చల్లి, కిటికీల గోనెపట్టలు సర్దింది. నేను కంప్యూటరు చూశాను. వేడి తక్కువగా ఉంది, హీటరు టిక్కుమని పడింది. ఇద్దరం బయటికొచ్చి తలుపు మూశాం. ఇదివరకు జ్వరం రోజుల్లో తెర వెలుతురు పురుగుల మీద పడకుండా దాని మీద నల్లగుడ్డ కప్పేవాళ్లం. ఆ రోజు మరిచిపోయాం. బయటికొచ్చిన పావుగంటకు అవ్వకు గుర్తొచ్చింది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి లోపలికి చూసి, నా చెయ్యి పట్టి లాగింది.

"సూడు పాపా, ఈ తడవ ఆ డబ్బాకు గూడా బుద్ధొచ్చింది. జ్వరమని తెలుసుకోని దీపం ఆర్పేసుకుండాది."

లోపల తెర నల్లగా ఉంది. అవ్వ ముఖంలో సంతోషం. నాకు నిన్నటి రెండు వరుసలూ గుర్తొచ్చాయి. పది నిమిషాలకు తెర. ముప్పై నిమిషాలకు మిగతాది.

ఇంకా సమయం ఉంది. లోపలికి వెళ్లి ఒక్క మీట నొక్కి రావచ్చు. కానీ తలుపు తీయాలి. తీయాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పాలంటే నిన్న చూసి ఎందుకు మార్చలేదో కూడా చెప్పాలి. నేను మాటలు కూడగట్టుకునే లోపల అవ్వ రాత్రంతా మేలుకున్న కళ్లు తుడుచుకుంటూ, ఆకుల గదిలో నడుం వాల్చడానికి వెళ్లిపోయింది.

నేను వరండాలో కూర్చున్నాను. జ్వరం రోజు నాకు ఇష్టమైన రోజు. పని ఉండదు, ఎవరూ రారు, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల దుపట్టా చాటున చదువుకోవచ్చు. ఆ రోజు కూడా తెరిచాను. ఒకే పేజీ. చెవులు మాత్రం లోపలి టిక్కు కోసం ఉన్నాయి. హీటరు గదిని వేడి చేశాక టిక్కుమని ఆగాలి. పది దాటింది. చప్పుడు లేదు. గది పెద్దది, చలి ఎక్కువ, ఇంకా వేడెక్కలేదేమో అనుకున్నాను. పదిన్నరకు మంచు విడిపోయి ఎండ వచ్చింది. లేచి గోడకు అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. ఆ గోడ తూర్పు వైపుది. ఎండకు కూడా కావచ్చు.

భయంలో ఉన్న మనిషి తనను తాను ఎంత తెలివిగా మోసం చేసుకోగలదో నాకు ఆ పొద్దున తెలిసింది. కంప్యూటరు నిద్రపోతే హీటరు కూడా దానంతట అదే ఆగుతుందిలే అని ఒకసారి, ఆ సెట్టింగు ఈ ప్రోగ్రాముకు వర్తించదేమోలే అని ఒకసారి అనుకున్నాను. పదకొండు దాటాక లేచి ఆకుల గది దాకా వెళ్లాను. అవ్వ గోనెసంచుల మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఆకు పసరుతో నల్లబడిన చేతులు చెంప కింద పెట్టుకుంది. లేపాలి. 'అవ్వా, ఒకసారి లోపలికి పోయి చూసి రా' అంటే చాలు. వాకిట్లో నిలబడి నాలుగైదు సార్లు ఆ మాట లోపలే అనుకున్నాను. తర్వాత వెనక్కొచ్చి మళ్లీ పుస్తకం ముందు కూర్చున్నాను. ఆ నాలుగు అడుగుల దూరం గురించి నేను ఎవరికీ చెప్పలేను.

ఒంటిగంట దాటాక తలుపు గడియ మీద చెయ్యి వేశాను. ఇనుము వేడిగా తగిలింది. తలుపుకు ఎండ రాదు.

తీశాను. పొయ్యి మూత తీసినట్టు వేడి ముఖాన కొట్టింది. నేను పురుగుల వైపు చూడలేదు. చీకట్లో తడుముకుంటూ కంప్యూటరు దగ్గరికి పోయి మీట నొక్కాను. తెర మెల్లగా వెలిగింది. మొదట ఇరవై ఆరు అని పొద్దుటి అంకె చూపించింది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం అది ముప్పై ఎనిమిదిగా మారింది. టిక్కుమని హీటరు ఆగింది.

నిద్రపోయే ముందు హీటరును ఎలా వదిలేసిందో అది అలాగే మండుతూ ఉండిపోయింది. వేడి పెరిగిందని చూసేవాళ్లు లేరు. దాని లెక్కలో తప్పు లేదు. ముప్పై నిమిషాలు ఎవరూ తాకలేదంటే అక్కడ మనిషి లేనట్టు, కరెంటు వృథా చేయకూడదు. ఎక్కడో కూర్చుని ఆ లెక్క పెట్టినవాళ్లకు, తాకకుండా ఉండడమే పని అయిన గది ఒకటి ఉంటుందని ఎలా తెలుస్తుంది? తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

తలుపు చప్పుడుకు అవ్వ లేచి వచ్చింది. "యాల తీసినావు పాపా?" అని గడప మీదే ఆగిపోయింది. వేడి తగిలింది. ఇంకేమీ అడగలేదు. "ఆ డబ్బాను వదులు. బిన్నా పోయి గోనెపట్టలు తడుపుకోని రా," అంది. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. కిటికీలన్నీ తీసి, తడిపట్టలు వేలాడదీసి, హీటరు దగ్గరి ట్రేలను ఒక్కొక్కటే కింద నేల మీదికి దించింది. నీళ్ల తొట్టి దగ్గరికి పోయే ముందు నేను ఆ పేజీ తెరిచి 'ఎప్పుడూ వద్దు' అని మార్చాను. అర నిమిషం పని.

మూడింటికి ఓనరు బండి మీద వచ్చాడు. తెరిచిన తలుపు చూసి వాకిట్లోనే నిలబడిపోయాడు.

"జ్వరంలో తలుపు ఎవురు తీసింది?"

నేను నీళ్ల తొట్టి వైపు తిరిగాను.

"నేనే తీసినా అప్పా," అంది అవ్వ. "లోపల పొయ్యి మాదిరి కాగిపోతాండె."

"యాల కాగుతాది? కంప్యూటరు ఉండాది గదా సూసుకునేదానికి? మొన్ననే బాగు సేయించుకోనొస్తిమి." నా వైపు తిరిగాడు. "ఏం పాపా, కంప్యూటరు సక్కంగా ఉండాదా?"

తెర మీద ఇరవై ఏడు అని ఉంది. హీటరు ఆగి ఉంది. చూడడానికి అంతా సక్రమంగా ఉంది. ఆ కంప్యూటరులోనే, నిమిషానికొకసారి వేడి రాసుకునే ఫైలు ఒకటి ఉంది. అందులో పొద్దున తొమ్మిదిన్నర తర్వాత మధ్యాహ్నం దాకా ఒక్క వరుస కూడా లేదు. అది తెరిచి చూపిస్తే చాలు. ఆ ఫైలు ఉందని తెలిసినదాన్ని కూడా నేనొక్కదాన్నే.

"ఉండాది అప్పా," అన్నాను.

"ఇనుకుంటివా?" అన్నాడు అవ్వతో. "కంప్యూటరు సక్కంగానే ఉండాది. నీకే ఉక్క పోసినట్టుండాది. ఇన్నేండ్లు సేసినావు, జ్వరంలో గాలి తగిల్తే ఏమైతాదో నీకు నేను సెప్పాల్నా?"

అవ్వ చేతిలోని తడిపట్ట పిండుతూ, "వయసైపాయలే అప్పా," అంది.

పురుగు బతికిందో లేదో జ్వరంలో తెలియదు. అన్నీ ఒకేలా తలెత్తి ఉంటాయి. లేచే వేళకు మేత చల్లితేనే తెలుస్తుంది. మర్నాడు పొద్దున అవ్వ ఆకు చల్లుతుంటే నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. తలుపు వైపు ట్రేలలో ఆకు మెల్లగా కదిలింది. కింది నుంచి పురుగులు పైకి పాకి అంచులు కొరకడం మొదలుపెట్టాయి. సన్నటి వాన చప్పుడు లాంటిది వినిపించింది. హీటరు వైపు ట్రేలలో ఆకు పడింది పడినట్టే ఉంది. అవ్వ ఒక ఆకు ముక్కను వేలితో తొలగించి చూసింది. మళ్లీ కప్పింది. సగానికి సగం.

ఆ పురుగులు గుడుపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చిన భార్యాభర్తలవి. గొర్రెలు సాకేవాళ్లు, మంద తగ్గించుకుని మొదటిసారి మల్బరీ తోట పెట్టినవాళ్లు. తలుపు సంగతి ఓనరు వాళ్లకు ముందే చెప్పాడు. భర్త ట్రేల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆమె మాట్లాడింది.

"అవ్వ సేతిని నమ్మి వస్తిమి గదమ్మా. గొర్రెపిల్లకు గూడా ఇట్ల సేయం మేము, సలిలో తలుపు తెరిసి పెట్టి."

"గాలి తగిలిందమ్మా," అన్నాడు ఓనరు. "పోయిన సగం వచ్చే తడవకు ఇస్తాములే, మీరు దిగులు పడొద్దు."

అవ్వ చెయ్యి తుడుచుకుంటూ ఆమె ముందు నిలబడి, "నాదే తప్పు తల్లీ," అంది. నేను అక్కడే, రెండు అడుగుల దూరంలో, రసీదు పుస్తకం పట్టుకుని ఉన్నాను.

తలుపు తీయబట్టే ఆ సగమైనా మిగిలింది. ఆ తలుపు తీయడం వల్లే సగం పోయిందని ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. ఫోన్లు వచ్చాయి. ఎత్తేది నేనే. "ఇప్పుడు సాకతాండేది ఆ అవ్వ కాదు గదా?" అని అడిగేవాళ్లు. మొదటి రెండు రోజులు నీళ్లు నమిలాను. తర్వాత ఓనరు ఆమెను పురుగుల గది మాన్పించి, తోటలో ఆకు కోయడానికి పంపాడు. అప్పటి నుంచి "కాదండీ" అని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆ రోజుల్లో నేను చెప్పినవాటిలో అబద్ధం కాని మాట అదొక్కటే.

ఆకు కోతకు ఆమె నడుం ఒప్పుకోలేదు. నెల తిరగకముందే, నిమ్మనపల్లెలో చెల్లెలి దగ్గరికి పోతానంది. కుప్పం బస్టాండు దాకా సంచి మోసుకుని నేను వెంట వెళ్లాను. దారంతా చెప్పాలనే అనుకున్నాను. వాక్యం కూడా తయారుగా ఉంది: 'అవ్వా, తప్పు నాది, అది నిద్రపోతుందని నాకు ముందే తెలుసు.' బస్సొచ్చింది. జనం తోసుకుంటున్నారు. కిటికీ పక్కన సీటు పట్టుకుని, సంచి అందుకోవడానికి ఆమె చెయ్యి చాచింది. సంచి ఇచ్చాను. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నా పెదవులు కదిలాయేమో తెలియదు, ఏడ్చానేమో కూడా తెలియదు. డ్రైవరు ఇంజను వేశాడు. అవ్వ కిటికీలోంచి వంగి, నా వేళ్లను కమ్మీ మీద నుంచి ఒక్కొక్కటే విడిపించింది.

"జడుసుకోవాకు పాపా. తలుపు తీసింది నేనేనని సెప్పినా గదా, ఇంగ నిన్నెవురూ ఏమీ అడగరులే."